అంత పెద్ద మాట

“భయానికి?” అంది తోడికోడలు, దిద్దుతున్న కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

“ఫియర్, డ్రెడ్, టెర్రర్...” బంగాళాదుంప తొక్క తీస్తూ చెప్పింది ఇంగ్లీషమ్మ. “ఇంకోటుంది. ఉండు, చెప్పకు. ప్యానిక్!”

“ఇంటికి?”

“హౌస్, హోమ్, రెసిడెన్స్, డ్వెల్లింగ్.”

“పొరపాటుకి?”

“మిస్టేక్, ఎర్రర్...” కత్తి ఆగింది. పొయ్యి మీద పాలు అంచుదాకా పొంగుకొచ్చాయి. పరుగెత్తి మంట తగ్గించి వచ్చేసరికి మిగతా మాటలు గాలికి పోయాయి.

“స్లిప్, ల్యాప్స్, ఫాల్ట్, కేర్‌లెస్‌నెస్, నెగ్లిజెన్స్.” తోడికోడలు వేళ్ళు ముడుస్తూ అప్పజెప్పింది. “ఇవన్నీ ఒక గుంపక్కా. గుంపు గుర్తుంటే చాలు. వ్యాసంలో ఊరికే మిస్టేక్, మిస్టేక్ అని రాశావనుకో, చిన్నపిల్లల రాత అంటారు. బరువైన మాట ఒకటి వెయ్యి. దిద్దేవాళ్ళ కన్ను దాని మీదే పడుతుంది.”

“నెగ్లిజెన్స్,” అంది ఇంగ్లీషమ్మ. మాట నోట్లో సరిగా తిరగలేదు. మళ్ళీ అంది. ఈసారి తిరిగింది.

వరసకి తోడికోడలు చిన్నది, మరిది భార్య. కాఫీ కలిపినా, బట్టలు ఆరేసినా “అక్కా, అక్కా” అంటూ వెనకే తిరుగుతుంది. ముందుగదిలో పది మందిని కూర్చోబెట్టి ఉద్యోగాల పరీక్షలకి ఇంగ్లీషు చెబుతుంది కాబట్టి, పొద్దున ఈ అరగంట మాత్రం వరసలు తారుమారవుతాయి. తప్పు చెప్తే పెద్దదాని మొహం మీదే కస్సుమంటుంది. పెద్దది ఊరుకుంటుంది. అవసరం తనది.

ఆసుపత్రిలో ఇంగ్లీషమ్మది మంచాన పడ్డవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే వార్డు. అక్కడ సహాయకులకి రోజంతా ఎత్తడం, దించడం, తిప్పడం, పట్టుకోవడం. ఆమె నడుము ఇప్పటికే ఉదయాన్నే పేచీ పెడుతోంది. ఇప్పుడు వార్డుకి కో-ఆర్డినేటర్ పోస్టు ఒకటి కొత్తగా వచ్చింది. కుర్చీలో కూర్చుని చేసే పని. పరీక్ష ఇంగ్లీషులో. వచ్చే వారమే. రాస్తానని పేరిచ్చిన రోజే పెద్దక్క ఆమెకి ‘ఇంగ్లీషమ్మ’ అని బారసాల చేసేసింది. ఆ పేరు వారం తిరక్కుండా ఇంటిదాకా పాకింది.

పెద్దక్క ఆ వార్డులో అందరికంటే పాత మనిషి. కూర్చుని లేచేటప్పుడు ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, “పద తల్లీ” అని తన నడుముకే చెప్పుకుంటుంది. ఆ నడుముతోనే తనకి రెండింతలున్న మగవాళ్ళని మంచం మీంచి కుర్చీలోకి మార్చేస్తుంది. పని నేర్పేటప్పుడు మాత్రం హాస్యాలాడదు. “ఒకరు బెల్టు పట్టుకోవాలి, ఒకరు వెనక చక్రాల కుర్చీ తోసుకుంటూ రావాలి. మనిషి ఎక్కడ కూలబడతాడో వాడికే తెలీదు. కూలబడే చోటికి కుర్చీ ముందే వచ్చి ఉండాలి” అంటుంది.

ఆ మధ్యాహ్నం హాల్లో నడవాల్సింది డ్రైవరుగారొక్కరే. పెద్ద బస్సులు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. మిగిలింది ఒక్కటే మాట: “అదే.” నీళ్ళు కావాలన్నా అదే, దుప్పటి బరువుగా ఉందన్నా అదే, భార్య గుమ్మంలో కనబడితే సంబరంగా అదే, అదే. ఏ ‘అదే’కి ఏమిటర్థమో పెద్దక్కకి తెలిసినంత ఆయన భార్యకీ తెలీదు.

“పోవే,” అంది పెద్దక్క, ఆయన నడుముకి బెల్టు బిగిస్తూ. “దుప్పట్ల గదిలో కూర్చుని నాలుగు ముక్కలు బట్టీ పట్టుకో. ఎప్పుడు చూసినా పెదాలు కదుపుతూనే ఉన్నావు, చూసేవాళ్ళు నీకేదో పట్టిందనుకుంటారు.”

“కుర్చీ ఎవరు తోస్తారు?”

“పట్టుకు నడిచే ఆ జంట కడ్డీల మధ్యే నడిపిస్తాలే. బయటికి తీసుకురాను. పో.”

ఇంగ్లీషమ్మ ఒక క్షణం ఆగింది. హాలు చివర అద్దంలో నలుగురు కనబడుతున్నారు: కడ్డీలు పట్టుకుని డ్రైవరుగారు, పక్కన పెద్దక్క, కిటికీ దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడుతున్న పెద్దావిడ, తలుపు దగ్గర తను. రెండో క్షణం అద్దంలో ముగ్గురే ఉన్నారు.

దుప్పట్ల గదిలో ఉతికిన గుడ్డల వేడి ఇంకా పోలేదు. దొంతరకి వీపు ఆనించి ఒక్కో గుంపూ అప్పజెప్పుకుంది. సంతోషం గుంపు అయిపోయింది. కోపం గుంపు అయిపోయింది. పొరపాటు గుంపులో నాలుగో మాట దగ్గర ఉండగా హాల్లోంచి ఏదో పడ్డ చప్పుడయింది. ఆ వెంటనే పెద్దక్క గొంతు వినబడింది. ఆ గొంతు అలా వినడం ఆమె ఎరగదు.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి డ్రైవరుగారు కడ్డీలకి అవతల, ఖాళీ నేల మీద ఒక పక్కకి పడి ఉన్నారు. నుదుటి మీంచి కారిన రక్తం కనుబొమ దగ్గర చీలి రెండు పాయలవుతోంది. పెద్దక్క మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో ఆయన తల పట్టుకుంది. రెండో చేతిలో బెల్టు ఇంకా బిగించే ఉంది. కుర్చీ గోడ దగ్గర, మధ్యాహ్నం ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది.

*

మణికట్టు విరిగింది. నుదుటికి కుట్లు పడ్డాయి. డ్రైవరుగారి భార్య వరండాలో నిలబడి, “నడిపించి పంపిస్తారని తీసుకొస్తే పడగొట్టి పెట్టారు” అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. మర్నాడే పై ఆఫీసు నుంచి విచారణకి ఒక ఆఫీసరు వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు.

మేనేజరు ఇంగ్లీషమ్మని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

“నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పకూడదట. నా వార్డు కదా, మధ్యలో నేనుండకూడదంటుంది. నీ పేరు చెప్పాను. ఆవిడ అడిగింది మనవాళ్ళకి, మనవాళ్ళు చెప్పింది ఆవిడకి. అంతే. నీకిది పరీక్షకి ముందు పరీక్ష.”

“సార్, నిన్న నేను...”

“నిన్న డ్యూటీలో ఇద్దరున్నారు. పట్టీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి.” ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. “నేనేమీ చూడలేదు, నువ్వేమీ చెప్పలేదు. మధ్యాహ్నాలు కాస్త చదువుకోమని చెప్పింది నేనే కదా. ఆ సంగతి ఎత్తితే నష్టం నీకు, నాకు, వార్డుకి. ఎత్తకపోతే ఎవరికి నష్టం?”

ఎవరికి నష్టమో ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

సమావేశాల గదిలో పొడుగు బల్లకి ఒక కొసన ఆఫీసరు కూర్చుంది. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న మనిషి. గొంతు మెత్తగానే ఉంది. ఎదురుగా పెద్దక్క, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఇంగ్లీషమ్మ. ఆమె భయమొక్కటే. పెద్దక్క నోరు విప్పితే మొదటి మాటే ‘ఇది నాతో ఉండాల్సింది’ అంటుందేమో. ఆ మాట తన నోటితో తనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి.

“ఏం జరిగిందో ఆమె మాటల్లోనే చెప్పమనండి,” అంది ఆఫీసరు ఇంగ్లీషులో.

పెద్దక్క చెప్పింది. “ఆయన కడ్డీల అవతలికి వెళ్తానని పట్టుబట్టారమ్మా. చాలా రోజులకి ఆయన మొహంలో హుషారు చూశాను, కాదనలేకపోయాను. నాలుగడుగులు బాగానే వేశారు. అంతలో కిటికీ దగ్గరున్న పెద్దావిడ కుర్చీలోంచి జారిపోతూ అమ్మా అని కేకేసింది. నేను తల తిప్పాను. తిప్పిన మాట నిజం. బెల్టు వదల్లేదు. కానీ చూపు పోయింది కదా. ఆ చిటికెలో ఆయన మోకాలు మడతపడింది. నేనూ ఆయనతోపాటే కిందకి వెళ్ళాను. ఏమరుపాటమ్మా. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు.”

‘ఇంకెవరిదీ కాదు’ అన్నప్పుడు ఆమె ఇంగ్లీషమ్మ వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న నీళ్ళగ్లాసు వైపు చూసింది.

ఇంగ్లీషమ్మ గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఆఫీసరు చూస్తోంది. మధ్యలో ఉన్న మాటలన్నీ, కిటికీ, పెద్దావిడ, హుషారు, నాలుగడుగులు, అన్నీ ఒకేసారి మీదకొచ్చి దేనికీ ఇంగ్లీషు దొరకలేదు. చివరి ముక్క ఒక్కటే చేతికి చిక్కింది. దానికి కావలసిన మాట మాత్రం నిన్న పొద్దుటి నుంచీ నాలుక మీదే ఉంది, తళతళలాడుతూ.

“రోగి పడిపోయాడు, మేడమ్,” అంది ఇంగ్లీషులో. “ఆమె ఒప్పుకుంటోంది. అది ఆమె నెగ్లిజెన్స్.”

ఎక్కడా తడబడలేదు. తన గొంతు తనకే కొత్తగా, చదువుకున్నవాళ్ళ గొంతులా వినిపించింది.

ఆఫీసరు చేతిలో పెన్ను ఆగింది. “నెగ్లిజెన్స్? ఆమె ఆ మాటే అందా?”

“యెస్, మేడమ్.”

ఆవిడ మొహంలో ఉన్న మెత్తదనం ఎటు పోయిందో పోయింది. పెద్దక్క ఆవిడ మొహం చూసింది, తర్వాత ఇంగ్లీషమ్మ మొహం చూసింది.

“ఇంకేమైనా చెప్పుకుంటుందేమో అడగండి.”

“ఇంకేమైనా చెప్తావా అంటున్నారు, పెద్దక్కా.”

“చెప్పాల్సింది చెప్పాను కదే,” అంది పెద్దక్క నెమ్మదిగా. గోడ మీద చెయ్యి వేసి లేచింది. తన నడుముతో ఈసారి ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రానికల్లా పెద్దక్కని ఇంట్లో ఉండమన్నారు. ఆఫీసరు మరో రెండు రోజులు ఉంటుంది. వెళ్ళేలోగా ఆఖరి నిర్ణయం రాసేస్తుంది. ఉద్యోగం పోవడమే కాదట, ఇక ఏ ఆసుపత్రిలోనూ రోగుల దగ్గర పనికి తీసుకోకూడదని కూడా రాస్తారట. మేనేజరు ఈ సంగతి వరండాలో నడుస్తూ చెప్పాడు, చివర్లో గొంతు తగ్గించి, “నీ ఇంగ్లీషు బావుందని ఆవిడే అంది. కుర్చీ నీదే అనుకో” అన్నాడు.

ఇంగ్లీషమ్మ తల ఊపింది. ఆయన అప్పటికే మలుపు తిరిగాడు.

*

మర్నాడు పొద్దున తోడికోడలు ఏ గుంపూ అడక్కముందే ఇంగ్లీషమ్మ జరిగినదంతా చెప్పింది. దుప్పట్ల గది సంగతి తప్ప. చెప్పేటప్పుడు ‘నేనే మాట్లాడాను, ఒక్క తప్పు లేకుండా’ అని రెండుసార్లు అంది.

“ఏ మాట వాడావక్కా?”

“నెగ్లిజెన్స్. నువ్వు చెప్పిందే.”

తోడికోడలు ఎర్ర కలం కింద పెట్టింది. “ఆవిడ తెలుగులో ఏమంది?”

“ఏమరుపాటు అంది. తప్పు నాదే అంది.”

“అయ్యో,” అంది తోడికోడలు. “అది కోర్టు మాటక్కా. చెయ్యాల్సిన పని అని తెలిసి కూడా పట్టించుకోకుండా వదిలేశారని. మనిషి పడితే పడనీ అని కాళ్ళు చాపుకు కూర్చున్నట్టు. ఒకసారి కాగితం మీద పడితే మనిషిని ముంచేస్తుంది.”

“అన్నీ ఒక గుంపే అన్నావు కదా!” ఇంగ్లీషమ్మ గొంతు పెరిగింది. “నువ్వే కదా బరువైన మాట వెయ్యమన్నావు!”

“పరీక్షలో వెయ్యమన్నాను! మనుషుల మీద వెయ్యమన్నానా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగదిలో ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. తోడికోడలే ముందు చూపు దించుకుంది. “నాకు చెప్పినవాళ్ళూ అలాగే చెప్పారు. నేనూ అలాగే చెబుతున్నాను. ఎప్పుడూ అనుకోలేదు...” ఆ ముక్క పూర్తి చెయ్యకుండానే ఇంకోటి ఎత్తుకుంది. “పోనీ పరీక్ష అయ్యాక మెల్లిగా చెప్పు. ఇప్పుడు కదిపితే నీ మెడకి చుట్టుకుంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే ఏం చేస్తాం?”

మామూలుగా వాడే సామెతే. కానీ కాలు జారిన మనిషి కట్టుతో మంచం మీదున్నాడని గుర్తొచ్చి, అన్న తర్వాత తోడికోడలికే అది చేదుగా తోచింది. కాగితాలు దగ్గరికి లాక్కుని ఒకే పేజీని చాలాసేపు దిద్దింది.

ఆరోజు వార్డులో ఇంగ్లీషమ్మ డ్రైవరుగారి పక్క దుప్పటి మార్చింది. ఆయన ఆమె భుజం మీంచి గుమ్మం వైపు చూశాడు. “అదే?”

“నీళ్ళా?”

గ్లాసు పక్కకి నెట్టేశాడు. “అదే?” మళ్ళీ గుమ్మం వైపు.

ఆమెకి అర్థమైంది. “పెద్దక్క ఈరోజు రాలేదండీ,” అంది.

ఆయన కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత కట్టులేని ఎడమచెయ్యి ఎత్తి తన గుండె మీద తట్టుకున్నాడు. “అదే. అదే.” ఆగి, ఇంకోసారి గట్టిగా తట్టుకున్నాడు. కళ్ళ చివర నీళ్ళు తిరిగాయి. అవతలికి తీసుకెళ్ళమని పట్టుబట్టింది తనేనని అంటున్నాడు. పెద్దక్క పక్కన ఉంటే వివరించేది. ఇవాళ వివరించేవాళ్ళు లేకపోయినా తెలుస్తూనే ఉంది.

ఇంగ్లీషమ్మ పాత దుప్పటి చంకన పెట్టుకుని బయటికొచ్చింది. మాట రానివాడు కూడా తప్పు తనదేనంటున్నాడు. ఆ మధ్యాహ్నం హాలుతో సంబంధం ఉన్నవాళ్ళలో ఆ ముక్క అననిది తనొక్కతే మిగిలింది. దుప్పటిని మాసిన బట్టల్లో వెయ్యడం మరిచిపోయి వరండా ఆ కొసదాకా నడిచింది.

పెద్దక్క ఇల్లు రెండో అంతస్తులో. డ్యూటీ దిగగానే ఇంగ్లీషమ్మ అక్కడికే వెళ్ళింది. తలుపు తీసే ఉంది. పెద్దక్క ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీద పరిచి, మసి పట్టిన మూకుడు ఒకటి ఒళ్ళో పెట్టుకుని పీచుతో రుద్దుతోంది.

“చేతులకి పని లేకపోతే పిచ్చెక్కుతోంది,” అంది తల ఎత్తకుండా. “కూర్చో. ఆ పీట తీసుకో.”

ఇంగ్లీషమ్మ కూర్చుంది. వచ్చేదారిలో కూడబలుక్కున్నవన్నీ మాయమయ్యాయి. “డ్రైవరుగారు నిన్ను అడిగారు.”

“అడుగుతాడు. మందులు వేసుకున్నాడా?”

“వేసుకున్నారు.”

పీచు కాసేపు గరగరలాడింది.

“పెద్దక్కా, నిన్న నేనొక మాట...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఇంగ్లీషు తెలీదే నాకు. మొహాలు తెలుసు. నోరు లేనివాళ్ళ మధ్య ఇన్నేళ్ళు పని చేశాను.” మూకుడు తిప్పి ఇంకోవైపు రుద్దింది. “నేను మూరెడు చెప్పాను. నువ్వు జానెడు చెప్పావు. ఆ జానెడులో చివరి మాట విని ఆవిడ మొహం మూసుకుపోయింది. అదేం మాటో నాకు తెలీదు. మంచి మాట మాత్రం కాదు.”

“కాదు,” అంది ఇంగ్లీషమ్మ. “చాలా పెద్ద మాట. నువ్వు... పట్టించుకోకుండా వదిలేశావని.”

పీచు ఆగింది. పెద్దక్క చేతులు నల్లటి నురుగులో అలాగే ఉండిపోయాయి. “వదిలేశానని,” అంది. “నేను?”

“నాకు అంత అర్థం ఉందని తెలీదు. ఒట్టు. గొప్పగా ఉంటుందని అనేశాను.”

“గొప్పకేనా?” పెద్దక్క మొదటిసారి తల ఎత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఇంగ్లీషమ్మ తట్టుకునేది. “లేకపోతే తొందరగా అయిపోతే చాలనా? ఇంకో ప్రశ్న వస్తే నీ పేరొస్తుందని?”

నిన్నటి నుంచీ తనని తను అడగకుండా తప్పించుకున్నది ఆ ప్రశ్నే. “తెలీదు,” అంది చివరికి. “రెండూనేమో.”

“నేను నీ పేరు దాచాను,” అంది పెద్దక్క. “పొమ్మన్నది నేనే కదా, చదువుకునే పిల్ల ఎందుకు నలగాలని. నువ్వు నా మాట దాచావు. పోనీలే, పో. పొద్దుపోతోంది.”

ఇంగ్లీషమ్మ కదల్లేదు. పెద్దక్క మళ్ళీ మూకుడు రుద్దడం మొదలెట్టింది, ఇక అక్కడ ఎవరూ లేనట్టు.

*

ఆఫీసరు వెళ్ళిపోయే రోజు పొద్దున మేనేజరు సమావేశాల గది బయట నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషమ్మ రావడం చూసి ఎదురొచ్చాడు.

“ఇప్పుడేం పని?”

“ఆవిడతో మాట్లాడాలి సార్.”

“అంతా అయిపోయింది. సంతకమే తరువాయి.” ఆమె మొహం చూసి గొంతు మార్చాడు. “చూడమ్మా, నువ్వు నోరు విప్పితే పెద్దక్క ఉద్యోగం నిలబడుతుందో లేదో నాకు తెలీదు. నీది మాత్రం పోతుంది. నా మెడకీ తగులుకుంటుంది. తెలివైనదానివి. వెనక్కి వెళ్ళు.”

ఆమె కాళ్ళు నిజంగానే వెనక్కి వెళ్ళాలనుకున్నాయి. ఆ తలుపుకి ఇత్తడి గొళ్ళెం. దాని మీద మేనేజరు చెయ్యి. ఏం చెయ్యాలో తోచక ఆమె ఆయన చేతి కిందుగా తలుపుని వేళ్ళతో కొట్టింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. లోపలి నుంచి “కమిన్” అని వినిపించింది. మేనేజరు చెయ్యి తియ్యక తప్పలేదు. ఆమె వెనకే ఆయనా లోపలికొచ్చాడు.

ఆఫీసరు సంచీ సర్దుకుంటోంది. ఇంగ్లీషమ్మ నిలబడే మాట్లాడింది. మొన్నటి నున్నటి గొంతు ఎక్కడికి పోయిందో. ఒక్కో మాటా రాయి మోసినట్టు వచ్చింది.

“మేడమ్, నేను చెప్పింది తప్పు. ఆమె ఆ మాట అనలేదు.”

ఆఫీసరు సంచీ వదిలేసింది. “మరి ఏ మాట అంది?”

“ఏమరుపాటు.”

“అంటే?”

ఇంగ్లీషమ్మ వెతికింది. మిస్టేక్ కాదు. స్లిప్ దగ్గరగా వచ్చి చాలకుండా పోయింది. ల్యాప్స్ అంటే ఆమెకే నమ్మకం లేదు. గుంపంతా కళ్ళ ముందు వరసగా నిలబడింది గానీ ఒక్కటీ ముందుకి రాలేదు. చిన్నపిల్లల రాతే గతి అనుకుంది.

“నాకు మాట తెలీదు, మేడమ్. చూపిస్తాను.” ఆమె గది మధ్యకి వచ్చింది. కుడిచేత్తో గాలిలో బెల్టు బిగించి పట్టుకుంది. “మనిషి నడుస్తున్నాడు. ఆమె పట్టుకుంది. ఇక్కడ చూస్తోంది, కాళ్ళు. అక్కడ ముసలావిడ జారుతోంది. ‘అమ్మా’ అంది.” ఇంగ్లీషమ్మ తల కిటికీ వైపు తిప్పింది. చెయ్యి మాత్రం అలాగే బిగిసి ఉంది. “ఇదీ, మేడమ్. ఇంతే. తల తిరిగింది. చెయ్యి వదల్లేదు. ఆ మాటకి ఇదే అర్థం.”

ఆఫీసరు ఆ చేతిని చూసింది. చాలాసేపు చూసింది.

“అయితే వెనక కుర్చీ ఉండాలి కదా,” అంది. “మీ పద్ధతి ప్రకారం ఒకరు కుర్చీ తేవాలి. ఆ రెండో మనిషి ఏం చేస్తోంది?”

“ఈమె కంగారులో...” అని మేనేజరు మొదలెట్టాడు.

“మీరు బయట ఉండండి.”

తలుపు మూసుకునేదాకా ఆఫీసరు ఆగింది. ఇంగ్లీషమ్మ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దింపింది.

“రెండో మనిషి నేను,” అంది. “నేను లేను. దుప్పట్ల గదిలో ఉన్నాను. పరీక్షకి చదువుకుంటున్నాను.”

“ఎవరు పంపారు?”

పెద్దక్కే పొమ్మంది. మధ్యాహ్నాలు చదువుకోమన్నది మేనేజరు. రెండూ నిజాలే, రెండూ నోటిదాకా వచ్చాయి. “మేనేజరుగారు చదువుకోమన్నారు. ఆమె కూడా పొమ్మంది. వెళ్ళింది మాత్రం నేను, మేడమ్. పనివేళలో. నేనుంటే కుర్చీ ఉండేది.”

ఆఫీసరు మళ్ళీ కూర్చుంది. సర్దిన కాగితాలు బయటికి తీసింది. “మొన్న నీ ఇంగ్లీషు విని మెచ్చుకున్నాను,” అంది. “నాకప్పుడు ఏమీ అర్థం కాలేదన్నమాట.” కోపంగా అన్నదో, తన మీద తనకే చిరాకు పడ్డదో తెలియలేదు. “కూర్చో. మొదటి నుంచి చెప్పు. ఆమె అన్నది మొత్తం. మాట దొరక్కపోతే మళ్ళీ చూపించు.”

చాలాసేపు పట్టింది. ‘హుషారు’ దగ్గర ఇంగ్లీషమ్మ డ్రైవరుగారిలా మొహం పెట్టాల్సి వచ్చింది. ఆఫీసరు నవ్వలేదు. రాసుకుంది.

మధ్యాహ్నం తర్వాత సంగతులు వరసగా తెలిశాయి. పెద్దక్కని హెచ్చరికతో మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. మేనేజరుని పై ఆఫీసుకి పిలిచారు. పరీక్షకి పేరిచ్చినవాళ్ళలోంచి ఇంగ్లీషమ్మ పేరు తీసేశారు, ఆమె ఫైలులో పనివేళ పని వదిలి వెళ్ళినట్టు, చెప్పిన మాట మార్చి చెప్పినట్టు రాశారు. ఉద్యోగం మిగిలింది. వార్డులో కొందరు ఆమెతో మామూలుగానే మాట్లాడారు. కొందరు మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెబితే తోడికోడలు బంగాళాదుంపలు తనే తీసుకుని తొక్క తీసింది.

పెద్దక్కకి మొదట తనే చెప్పాలనుకుంది గానీ, తను వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. పెద్దక్క యూనిఫాం ఉతికి వరండాలో తీగ మీద ఆరేస్తోంది. ఇంగ్లీషమ్మ మెట్ల మీదే నిలబడింది.

“విన్నాను,” అంది పెద్దక్క. “నీ పరీక్ష పోయిందటగా.”

“పోయింది.”

“మళ్ళీ పెడతారేమో.”

“పెడితే చూద్దాం.”

పెద్దక్క మడత విదిలించి చొక్కా చేతులు సాగదీసింది. నీళ్ళ తుంపర ఇంగ్లీషమ్మ మొహం మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. ఏదైనా అంటుందని చూసింది. తిట్టినా బావుండుననుకుంది.

“నా కోపం ఇంకా పోలేదే,” అంది పెద్దక్క, క్లిప్పు పెడుతూ. “పోయిందని అబద్ధం చెప్పను. పోయినప్పుడు నేనే చెప్తాను.”

“సరే, పెద్దక్కా.”

“ఎప్పుడో నాకూ తెలీదు.”

“సరే.”

ఇంగ్లీషమ్మ మెట్లు దిగడం మొదలెట్టింది. సగం దిగాక పైనుంచి కేక వినబడింది.

“రేపు పెందలాడే రా. డ్రైవరుగారు మంచం మీద పడి బిగుసుకుపోయుంటాడు. మొదటి రోజు ఇద్దరం పట్టుకోవాలి.”

“కుర్చీ?” అంది ఇంగ్లీషమ్మ, తల ఎత్తి.

“కుర్చీకి ఇంకో మనిషిని అడుగుదాం,” అంది పెద్దక్క. “ఈసారి నోరు తెరిచి అడుగుదాం.”